గాజువాక కాటా సర్వర్‌లోకి ఎవరొచ్చారు: ఒక ఎస్‌ఎస్‌హెచ్ కేస్ స్టడీ

విశాఖలో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ సంస్థకి సర్వర్ల పని చూస్తుంటాను. పోర్టులో దిగిన ఎరువులు, బొగ్గు లోపలి ఊళ్లకి తోలడం వాళ్ల వ్యాపారం. గాజువాకలో యార్డు ఉంది, అందులో కాటా ఉంది. లారీ కాటా ఎక్కగానే పక్క గదిలోని చిన్న లినక్స్ కంప్యూటర్ సీరియల్ కేబుల్ మీదుగా బరువు అందుకుని, ముంబైలో అద్దెకు తీసుకున్న క్లౌడ్ సర్వర్‌కి పంపుతుంది. ద్వారకానగర్ ఆఫీసులో అకౌంట్స్ వాళ్లు ఆ సర్వర్‌లోంచే బిల్లులు తీస్తారు. బ్యాకప్ చూడటానికో, ఆగిపోయిన ప్రోగ్రామ్‌ని మళ్లీ లేపడానికో, రేట్లు మార్చడానికో ఈ రెండు మెషిన్లలోకీ రోజూ ఎవరో ఒకరు కమాండ్ లైన్ నుంచి లాగిన్ అవుతూనే ఉంటారు. దూరంగా ఉన్న మెషిన్‌లోకి ఇలా భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతినే ఎస్‌ఎస్‌హెచ్ అంటారు.

ఒక సోమవారం పొద్దున రేట్ల ఫైలు పాత రేట్లతో కనిపించింది. అప్పటికే కొన్ని బిల్లులు పాత రేటుకే వెళ్లిపోయాయి. బ్యాకప్ నుంచి ఫైలుని సరిచేయడం పెద్ద పనేమీ కాలేదు. ఓనర్ గారు అడిగిన ప్రశ్నకి మాత్రం జవాబు దొరకలేదు. "ఎవరు మార్చారన్నది తర్వాత సంగతి బాబూ. శని, ఆదివారాల్లో లోపలికి ఎవరెవరు వచ్చారు? అదైనా చెప్పు."

సర్వర్‌లో లాగిన్‌లన్నీ నమోదయ్యే ఆథ్ లాగ్ తెరిచాను. లాగిన్ అయిన ప్రతిసారీ ఒకటే పేరు, రూట్, అంటే అన్ని హక్కులూ ఉన్న యూజర్. పాస్‌వర్డ్‌తో రూట్ వచ్చాడు, పాస్‌వర్డ్‌తో రూట్ వచ్చాడు. ఆ పాస్‌వర్డ్ షిఫ్టు ఆపరేటర్లందరికీ తెలుసు, సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన వాళ్లకి తెలుసు, మానేసి వెళ్లిపోయిన వాళ్లకీ తెలుసు. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పైకి జరుపుకుంటూ వెళితే అక్కడా కనిపిస్తుంది. ఐపీ అడ్రసులు చూద్దామంటే కొన్ని ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్‌వి, మిగతావి మొబైల్ నెట్‌వర్క్‌లవి. మొబైల్ నెట్‌వర్క్‌లో ఒకే అడ్రసుని ఎంతోమంది పంచుకుంటారు కాబట్టి దాన్నిబట్టి మనిషిని పట్టుకోలేం.

వచ్చిన వాళ్ల మధ్యలో రాలేకపోయిన వాళ్ల వరసలు వేలకొద్దీ ఉన్నాయి. అడ్మిన్, టెస్ట్, ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ అంటూ సర్వర్‌లో లేనే లేని యూజర్ల పేర్లతో ఎక్కడెక్కడి అడ్రసుల నుంచో పాస్‌వర్డ్‌లు ప్రయత్నిస్తూనే ఉన్నారు. పబ్లిక్ ఐపీ మీద 22 నంబరు పోర్టు, అంటే ఎస్‌ఎస్‌హెచ్ వినే నెట్‌వర్క్ తలుపు, తెరిచి ఉన్న ఏ మెషిన్‌కైనా ఇది మామూలే. దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు. కంగారు పడాల్సింది రూట్ అనే ఆ ఒక్క పేరు గురించి. ఎస్‌ఎస్‌హెచ్ అనగానే డేటాని దారిలో ఎవరూ చదవకుండా దాచేది అని చెప్పేస్తాం. ఆ పని అది బాగానే చేస్తుంది. ఈ సంస్థలో కూడా దారి మొత్తం భద్రంగానే ఉంది. దారికి ఆ చివర ఎవరున్నారో మాత్రం ఎవరికీ తెలియదు. ఈ కేసులో చేసిన పనంతా ఆ గుర్తింపు గురించే: వచ్చిన మనిషి ఎవరో సర్వర్‌కి తెలియాలి, తను చేరింది ఏ సర్వర్‌కో మనిషికి తెలియాలి. రెండో సగాన్ని చాలా ఆఫీసుల్లో వదిలేస్తారు.

యార్డు రూటర్‌లో టెల్‌నెట్

యార్డుకి వెళ్లి చూస్తే రూటర్‌లో టెల్‌నెట్, అంటే ఎస్‌ఎస్‌హెచ్‌కి ముందు వాడిన రిమోట్ లాగిన్ పద్ధతి, ఇంకా తెరిచే ఉంది. టెల్‌నెట్‌లో పాస్‌వర్డ్ అక్షరాలు ఉన్నవి ఉన్నట్టుగా తీగ మీద వెళ్తాయి. అదే నెట్‌వర్క్‌లో కూర్చుని వింటున్న వాడికి వాటిని తెరిచి చదవడానికి ఏ తెలివీ అక్కర్లేదు. 1995లో హెల్సింకీ టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో సరిగ్గా ఇలాగే పాస్‌వర్డ్‌లు దొంగిలిస్తే, అక్కడి పరిశోధకుడు టాటూ యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశారు. 21 ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీది, 23 టెల్‌నెట్‌ది, ఆ రెంటి మధ్య ఖాళీగా ఉన్న 22ని తన ప్రోగ్రామ్‌కి అడిగి తీసుకున్నారు. మనందరం ఇప్పుడు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 1999 డిసెంబరులో ఓపెన్‌బీఎస్‌డీ 2.6తో పాటు వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా గాజువాకలో ఒక రూటర్ టెల్‌నెట్‌తో జవాబిస్తోందంటే, దాన్ని పెట్టిన రోజు నుంచి ఎవరూ లోపలికి తొంగి చూడలేదన్నమాట. ముందు దాన్ని ఆపేశాం.

కీలు, యూజర్లు

ప్రతి మనిషికీ సర్వర్‌లో సొంత యూజర్ పెట్టాం. ఎవరి కీ వాళ్ల ల్యాప్‌టాప్‌లోనే తయారు చేయించాం. కీ అంటే రెండు ఫైళ్ల జత: ప్రైవేట్ కీ మనిషి దగ్గరే ఉంటుంది, పబ్లిక్ కీని సర్వర్‌లోని ఆథరైజ్డ్ కీస్ ఫైల్లో పెడతాం. ఇక్కడ ఒక విషయంలో గట్టిగా పట్టుబట్టాను. నేనే అందరికీ కీలు తయారు చేసి పంచితే పని తొందరగా అయిపోయేది, అలా పంపమని అడిగారు కూడా. ప్రైవేట్ కీ పుట్టిన మెషిన్ దాటి బయటికి రాకూడదు. వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో ఒక్కసారి ప్రయాణం చేసిందంటే అది ఎవరిదో చెప్పలేం, మళ్లీ మొదటికొస్తాం. పబ్లిక్ కీకి ఆ బాధ లేదు. దాన్ని గ్రూపులో పెట్టినా పర్వాలేదు.

కీలన్నీ ఈడీ25519 రకం. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ దీన్ని 2014లో వచ్చిన 6.5 నుంచి సపోర్ట్ చేస్తోంది, ఎంత పాత మెషిన్ అయినా దాదాపు ఇబ్బంది ఉండదు. కీకి పాస్‌ఫ్రేజ్, అంటే దాన్ని తెరిచే రహస్య మాట, తప్పనిసరి చేశాం. ఆపరేటర్లు రోజుకి పదిసార్లు టైప్ చేయాలంటే విసుక్కుంటారు కాబట్టి విండోస్‌లోని ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్ సర్వీస్‌ని ఆన్ చేశాం, మామూలుగా అది ఆపేసి ఉంటుంది. ఒకసారి కీని అందులో చేర్చేస్తే మళ్లీ మళ్లీ అడగదు. ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్, అంటే మన వైపు నడిచే ప్రోగ్రామ్, కూడా 2018 నుంచి విండోస్ 10తో పాటే వస్తోంది, విడిగా పుట్టీ అనే ప్రోగ్రామ్ వేయాల్సిన పని లేదు.

పుట్టీ ప్రస్తావన ఊరికే తేలేదు. రూట్ హోమ్ ఫోల్డర్‌లో ఆథరైజ్డ్ కీస్ ఫైలు తెరిస్తే ఒక పాత కీ ఉంది. సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన వాళ్లలో ఎవరో ఎప్పుడో పెట్టింది. చివర ఉండే కామెంట్‌ని బట్టి పుట్టీతో చేసినదని తెలుస్తోంది, రకం ఈసీడీఎస్ఏ 521 బిట్లది. 2024 ఏప్రిల్‌లో బయటపడ్డ లోపం సరిగ్గా ఈ రకానిదే. పుట్టీ 0.68 నుంచి 0.80 వరకు వెర్షన్లలో ఈ కీతో చేసిన సంతకాలు ఓ అరవై దాకా చేజిక్కితే, వాటి నుంచి ప్రైవేట్ కీనే లెక్కగట్టి రాబట్టవచ్చు. ప్రోగ్రామ్‌ని 0.81కి మార్చుకున్నంత మాత్రాన పాత కీ బాగుపడదు, దాన్ని తీసేయాల్సిందే. ఆ వరసని తొలగించి, వాళ్లకి ఫోన్ చేసి కొత్త కీ పంపమన్నాం. అందరూ పాస్‌వర్డ్ గురించే మాట్లాడుకుంటున్న ఆఫీసులో, పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా మూతపడని తలుపు ఈ ఒక్క వరసలో ఉంది.

ఒక ఆపరేటర్‌కి మాత్రం కీ పెట్టినా పాస్‌వర్డే అడుగుతోంది. అతని హోమ్ ఫోల్డర్‌లో గ్రూపుకి కూడా రాసే అనుమతి ఉంది. అలా ఉంటే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ఆ ఫోల్డర్‌లోని కీల ఫైలుని నమ్మదు, ఇంకెవరైనా అందులో తమ కీ చేర్చి ఉండొచ్చని పక్కన పెట్టేస్తుంది. అటువైపు మనిషికి కారణం చెప్పదు, లాగ్‌లో మాత్రం 'బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్' అని రాసుకుంటుంది. హోమ్‌కి గ్రూపు రైట్ తీసేసి, డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 700, లోపలి ఫైలుకి 600 (సొంతదారుకి తప్ప ఎవరికీ అనుమతి లేదని చెప్పే అంకెలు) పెడితే వెంటనే పనిచేసింది.

పాస్‌వర్డ్ ఆపేశాక కూడా పాస్‌వర్డ్

అందరి కీలూ పనిచేస్తున్నాయని చూసుకున్నాక పాస్‌వర్డ్ లాగిన్ ఆపేయాలి. సర్వర్ వైపు ప్రోగ్రామ్ అయిన ఎస్‌ఎస్‌హెచ్‌డీ సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్లో పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ ఎదురుగా 'నో' అని అప్పటికే ఉంది. ఆఫీసులో ఎవరో ఎప్పుడో పెట్టారు. అయినా రోజూ అందరూ పాస్‌వర్డ్‌తోనే లోపలికి వస్తున్నారు!

ఈ సర్వర్‌లో ఉన్నది ఉబుంటు క్లౌడ్ ఇమేజ్, అంటే క్లౌడ్ కోసం ముందే సిద్ధం చేసిన లినక్స్. ఇందులో మెయిన్ కాన్ఫిగ్ ఫైలు పైభాగంలోనే ఒక ఇన్‌క్లూడ్ వరస ఉంటుంది. కాన్ఫిగ్ డాట్ డీ అనే ఫోల్డర్‌లో ఉన్న చిన్న ఫైళ్లన్నిటినీ అది ముందుగా లోపలికి లాగుతుంది. ఆ ఫోల్డర్‌లో, మెషిన్ మొదటిసారి లేచినప్పుడు సెట్టింగులు వేసే క్లౌడ్-ఇనిట్ పెట్టిన 50తో మొదలయ్యే ఫైలు ఉంది, అందులో పాస్‌వర్డ్‌కి 'యెస్' అని ఉంది. చాలా ప్రోగ్రామ్‌లలో చివర చెప్పిన మాట చెల్లుతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌డీలో మొదట దొరికిన మాటే చెల్లుతుంది. కాబట్టి మెయిన్ ఫైల్లో కింద రాసిన 'నో' ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా దానికి విలువ లేదు.

అందుకే కాన్ఫిగ్ ఫైలు చదివి సర్వర్ ఎలా ఉందో చెప్పే అలవాటు మానుకోమంటాను. సర్వర్‌నే అడగాలి. ఎస్‌ఎస్‌హెచ్‌డీ కమాండ్‌కి మైనస్ పెద్ద టీ ఇస్తే అన్ని ఫైళ్లూ కలిపాక చివరికి తేలిన సెట్టింగులన్నీ బయట పెడుతుంది. అక్కడ పాస్‌వర్డ్ ఎదురుగా 'యెస్' అని స్పష్టంగా కనిపించింది. అదే ఫోల్డర్‌లో 10తో మొదలయ్యే మా ఫైలు పెట్టాం, పేర్ల వరసలో అది 50 కంటే ముందు వస్తుంది. అందులో పాస్‌వర్డ్ నో, కీబోర్డ్ ఇంటరాక్టివ్ నో, రూట్ లాగిన్ నో. మధ్యలోది మర్చిపోకూడదు. లినక్స్‌లో లాగిన్ తనిఖీ చూసే పామ్‌ని వాడే సర్వర్‌లో ఆ రెండో దారిన కూడా పాస్‌వర్డ్ అడగగలదు, పేరు మాత్రమే వేరు.

మార్చేటప్పుడు ఒక క్రమం పాటిస్తాం. ఒక విండోలో లాగిన్ అయి దాన్ని అలాగే ఉంచాలి. మైనస్ చిన్న టీతో ఫైల్లో తప్పులు లేవని చూసి, సర్వీస్‌ని రీలోడ్ చేయాలి. రీలోడ్ వల్ల అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్లు తెగవు. రెండో విండో తెరిచి కీతో లోపలికి రాగలుగుతున్నామా అని చూడాలి. మూడో విండోలో, కీ వాడకుండా పాస్‌వర్డ్‌తోనే ప్రయత్నించమని క్లయింట్‌కి చెప్పాలి. 'పర్మిషన్ డినైడ్', పక్కన బ్రాకెట్‌లో 'పబ్లిక్ కీ' అనే ఒక్క మాటే వస్తే పని అయినట్టు. పాస్‌వర్డ్ అన్న మాట ఆ బ్రాకెట్‌లో ఉంటే ఇంకా ఎక్కడో తలుపు తీసి ఉంది. ఇవన్నీ చూసుకున్నాకే మొదటి విండో మూయాలి. ముంబైలో ఉన్న మెషిన్ ముందు మనం వెళ్లి కూర్చోలేం. క్లౌడ్ కంపెనీ వెబ్ కన్సోల్ ఉంటుంది గానీ దానికి రెండు దశల లాగిన్, ఆ ఫోన్ ఓనర్ గారి దగ్గర ఉంటుంది. ఆయన సింహాచలం కొండ మీద ఉన్నారంటే సాయంత్రం దాకా ఆగాల్సిందే.

అత్యవసరానికి విడిగా ఒక కీ, పాస్‌ఫ్రేజ్‌తో, పెన్‌డ్రైవ్‌లో వేసి ఆయన బీరువాలో పెట్టాం.

యార్డు కంప్యూటర్‌కి దారి

కాటా పక్కన ఉన్న కంప్యూటర్ సంగతి వేరు. అక్కడి బ్రాడ్‌బ్యాండ్‌లో సొంత పబ్లిక్ ఐపీ లేదు, కాబట్టి బయట నుంచి దాన్ని పిలవడం కుదరదు. ఇంతకుముందు స్క్రీన్ షేరింగ్ ప్రోగ్రామ్ ఒకటి ఎప్పుడూ ఆన్‌లో ఉంచి దాంట్లోంచి వెళ్లేవాళ్లు. దాన్ని తీసేసి, యార్డు కంప్యూటరే క్లౌడ్ సర్వర్‌కి ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ పెట్టుకునేలా చేశాం. ఆ కనెక్షన్ వెంట క్లౌడ్ సర్వర్‌లోని 2222 పోర్టు వెనక్కి యార్డు కంప్యూటర్ 22కి కలుస్తుంది. దీన్ని రివర్స్ టన్నెల్ అంటాం. మామూలు సెట్టింగ్‌లో ఈ 2222 సర్వర్ లోపలికే కనిపిస్తుంది, ఇంటర్నెట్‌కి కనిపించదు. అలాగే ఉంచాలి.

టన్నెల్ కోసం యార్డు కంప్యూటర్‌కి ఇచ్చిన కీకి పాస్‌ఫ్రేజ్ ఉండదు, టైప్ చేయడానికి అక్కడ మనిషి ఉండడు కదా. అందుకని క్లౌడ్ సర్వర్‌లోని ఆథరైజ్డ్ కీస్‌లో ఆ వరస ముందు అన్నిటినీ ఆపేసే 'రెస్ట్రిక్ట్' అని పెట్టి, పోర్ట్ ఫార్వర్డింగ్ ఒక్కటే తిరిగి ఇచ్చి, అదీ 2222 మీద మాత్రమే వినడానికి 'పర్మిట్‌లిసన్' పెట్టి, షెల్ లేని యూజర్ కింద ఉంచాం. రేపు ఆ కంప్యూటర్‌ని ఎవరైనా ఎత్తుకుపోయినా ఆ కీతో సర్వర్‌లో ఒక్క కమాండ్ కూడా నడపలేరు.

కరెంటు దగ్గర ఇబ్బంది వచ్చింది. యార్డులో కరెంటు పోయి వస్తే కంప్యూటర్ వెంటనే కొత్త టన్నెల్ పెట్టబోతుంది. పాత కనెక్షన్ చచ్చిపోయిన సంగతి సర్వర్‌కి తెలియదు, అది 2222ని పట్టుకునే ఉంటుంది. కనెక్షన్ అయితే అవుతుంది, పోర్టు మాత్రం కలవదు. బయటికి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, లోపలికి మాత్రం వెళ్లలేం. రెండు వైపులా సరిచేశాం. యార్డు వైపు, పోర్టు దొరక్కపోతే కనెక్షన్‌ని వదిలేసి మళ్లీ ప్రయత్నించే ఎగ్జిట్ ఆన్ ఫార్వర్డ్ ఫెయిల్యూర్ సెట్టింగ్ పెట్టి, దానంతట అదే మళ్లీ మొదలయ్యేలా సిస్టమ్‌డీ సర్వీస్‌గా నడిపాం. సర్వర్ వైపు 30 సెకన్లకోసారి ఉన్నావా అని అడిగి, మూడుసార్లు జవాబు లేకపోతే తెంచేయమన్నాం. కరెంటు వచ్చాక ఒకటిన్నర, రెండు నిమిషాల్లో దారి దానంతట అదే తెరుచుకుంటోంది.

ఆపరేటర్లు యార్డుకి వెళ్లేది జంప్ పద్ధతిలో, అంటే క్లౌడ్ సర్వర్ మీదుగా. మైనస్ పెద్ద జే ఆప్షన్ 2016లో 7.3తో వచ్చింది. ఇందులో ల్యాప్‌టాప్‌కీ యార్డు కంప్యూటర్‌కీ మధ్య ఎన్‌క్రిప్షన్ మొదటి నుంచి చివరిదాకా ఒకటే, మధ్యలోని సర్వర్ మూసిన కవరునే అందిస్తుంది. మన ఏజెంట్‌ని మధ్య సర్వర్‌కి అందుబాటులో పెట్టే ఏజెంట్ ఫార్వర్డింగ్ వాడొద్దని చెప్పాను. అది పెడితే మధ్య సర్వర్‌లో రూట్ హక్కులున్న ఎవరైనా మన ఏజెంట్‌తో, మనం కనెక్ట్ అయి ఉన్నంతసేపు, మన పేరున సంతకాలు చేయించుకోవచ్చు.

రాత్రి షిఫ్టులో వచ్చిన వార్నింగ్

ఈ కేసులో నాకు అన్నిటికంటే సంతోషమనిపించినది ఇది. కాటా గదిలో దుమ్ము, వేడి కలిసి కంప్యూటర్ డిస్క్ పోయింది. సాయంత్రం హార్డ్‌వేర్ కుర్రాడు కొత్త డిస్క్ పెట్టి, లినక్స్ మళ్లీ వేశాడు. టన్నెల్ కోసం కొత్త కీ చేయించి, దాని పబ్లిక్ భాగాన్ని నేను సర్వర్‌లో చేర్చాను. దారి తెరుచుకుంది. యార్డు కంప్యూటర్ కొత్త ఫింగర్‌ప్రింట్, అంటే దాన్ని గుర్తుపట్టే కీకి పొట్టి రూపం, అందరికీ పంపేలోపే రాత్రి షిఫ్టు ఆపరేటర్ ఫోన్ చేసింది. శ్రీకాకుళం వైపు అమ్మాయి, చేరి ఎక్కువ కాలం కాలేదు.

"సార్, ఏటో పెద్ద వార్నింగ్ వచ్చింది. రిమోట్ హోస్ట్ ఐడెంటిఫికేషన్ మారిపోయిందంటోంది. నేనేటీ కొట్టలేదు సార్, అలాగే ఉంచాను."

ఎస్‌ఎస్‌హెచ్‌లో మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు అటు మెషిన్ తన హోస్ట్ కీ చూపిస్తుంది, మన వైపు నోన్ హోస్ట్స్ ఫైల్లో అది రాసి పెట్టుకుంటాం. తర్వాత ఎప్పుడైనా వేరే కీ కనిపిస్తే క్లయింట్ కనెక్షన్‌ని అక్కడే ఆపేసి, పాత కీ ఏ ఫైల్లో ఎన్నో వరసలో ఉందో చెబుతుంది. చాలామంది ఆ వరస చెరిపేసి, మళ్లీ కనెక్ట్ అయి, యెస్ కొట్టేసి పనిలో పడతారు. అలా చేస్తే ఎదురుగా ఉన్న మెషిన్ ఎవరైనా సరే అని ఒప్పుకున్నట్టే. పాస్‌వర్డ్ రోజుల్లో అయితే దొంగ మెషిన్‌కి పాస్‌వర్డ్ చేతికిచ్చేసినట్టు అయ్యేది. కీతో అంత నష్టం లేదు, కీ చేసే సంతకం ఆ ఒక్క కనెక్షన్‌కే కట్టుబడి ఉంటుంది, దాన్ని తీసుకెళ్లి అసలు సర్వర్ దగ్గర వాడుకోలేరు. అయినా దొంగ మెషిన్‌లో మనం టైప్ చేసిందంతా, పెట్టిన ఫైళ్లన్నీ వాడివే. రూట్ హక్కులతో కమాండ్ నడిపే సుడోకి పాస్‌వర్డ్ కొడితే అదీ వాడిదే.

కారణం ఏమిటో నాకు తెలుసు. అయినా ఫోన్‌లో "పర్వాలేదమ్మా, యెస్ కొట్టెయ్" అనడం నాకు ఇష్టం లేదు. అలా అన్నామంటే రేపు నిజంగా దొంగ మెషిన్ వచ్చిన రోజు కూడా యెస్ కొడతారు. యార్డు సూపర్‌వైజర్ గారికి ఫోన్ కలిపాను. ఆయన ఆ కంప్యూటర్ ముందే కూర్చుని, మానిటర్ పెట్టి, నేను చెప్పిన ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ కమాండ్‌ని అక్షరం అక్షరం కొట్టారు. షా256 తర్వాత 43 అక్షరాలు వచ్చాయి. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు తేడా ఉంటుంది కాబట్టి ఫోన్‌లో చదవొద్దని, ఫొటో తీసి పంపమని చెప్పాను. ఆ అమ్మాయి ఫొటోనీ తన స్క్రీన్ మీదున్న ఫింగర్‌ప్రింట్‌నీ చివరి దాకా పోల్చి చూసుకుంది. మొదటి నాలుగు అక్షరాలూ కలిశాయి కదా అని ఆగలేదు. కలిశాయని చెప్పాకే పాత వరస తీసేయించాను. కొత్తగా అడిగినప్పుడు కూడా యెస్ అని కాకుండా, ఫొటోలోంచి టైప్ చేసుకున్న ఫింగర్‌ప్రింట్‌నే అక్కడ పేస్ట్ చేయించాను. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని ఒప్పుకుంటుంది, కలిస్తేనే ముందుకు వెళ్తుంది.

ఆ వారమే అందరి ల్యాప్‌టాప్‌లలో యార్డు కంప్యూటర్‌కి హోస్ట్ కీ అలియాస్‌గా ఒక పేరు పెట్టాం. లేకపోతే జంప్ పద్ధతిలో అది నోన్ హోస్ట్స్‌లో లోకల్‌హోస్ట్ 2222 అని రాసుకుంటుంది. రేపు ఇంకో యార్డు వచ్చి పోర్టులు అటూ ఇటూ మారితే అనవసరమైన వార్నింగులు మొదలవుతాయి. ఊరికే వచ్చే వార్నింగులకి అలవాటు పడిన మనిషి అసలైన దాన్ని కూడా పట్టించుకోడు.

ఇప్పుడు లాగ్ ఏం చెబుతోంది

ఇప్పుడు లాగ్‌లో ప్రతి లాగిన్‌కీ యూజర్ పేరు, పక్కనే ఏ కీతో వచ్చారో దాని ఫింగర్‌ప్రింట్ ఉంటున్నాయి. ఉబుంటులో ఈ లాగ్ మామూలుగా నాలుగు వారాలే నిలుస్తుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు లాగ్‌లని 180 రోజులు ఉంచాలి, సైబర్ ఘటనలు గమనించిన 6 గంటల్లోపు తెలియజేయాలి. పాత లాగ్‌లని తీసేసే లాగ్ రొటేట్‌ని అందుకు తగ్గట్టు మార్చి, ఒక కాపీ వేరే మెషిన్‌కి వెళ్లేలా పెట్టాం. సర్వర్‌లోకి చొరబడినవాడు మొదట చెరిపేది లాగ్‌నే కాబట్టి ఆ కాపీ అవసరం.

రేట్ల ఫైలు ఆ శని, ఆదివారాల్లో ఎవరు మార్చారన్నది తేలలేదు, తేలదు కూడా. ఆ రోజుల లాగ్‌లో ఉన్నది రూట్ ఒక్కడే.

మొన్న ఒక ఆపరేటర్ వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. అతని కీ వరస తీసేసి, తెరిచి ఉన్న అతని సెషన్లని కూడా ఆపేశాం. కీ తీసేసినంత మాత్రాన అప్పటికే లోపల ఉన్న కనెక్షన్ తెగదు, అతని ల్యాప్‌టాప్‌లో నిన్నటి విండో ఇంకా తెరిచే ఉండొచ్చు. మిగతా వాళ్లెవరికీ ఏ పాస్‌వర్డూ మార్చాల్సిన పని పడలేదు. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇచ్చిన కొత్త కీకి గడువు తేదీ పెట్టాం. ఆథరైజ్డ్ కీస్‌లో ఎక్స్‌పైరీ టైమ్ రాస్తే ఆ రోజు దాటాక అది దానంతట అదే చెల్లదు, కావాలంటే వాళ్లే మళ్లీ అడుగుతారు. ఇంకా మిగిలిన పని ఒకటి ఉంది. రేట్లు మార్చే ఇద్దరి కీలని ల్యాప్‌టాప్‌లోంచి యూఎస్‌బీ సెక్యూరిటీ కీలోకి మార్చాలి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.2 నుంచి ఆ వీలుంది. వాటికి ఆర్డర్ పెట్టమని ఓనర్ గారికి చెప్పాను, పెడతానన్నారు.